ప్రభుత్వ జీడితోటలో నూకాలమ్మ

మంత్రిగారు పైదేశం వెళ్లొచ్చినప్పుడల్లా రాష్ట్రానికి ఏదో ఒక మేలు జరిగిపోతూ ఉంటుంది. ఒకసారి వెళ్లొచ్చి సైకిలు బాటలన్నారు. ఇంకోసారి వెళ్లొచ్చి గాలిమరలన్నారు. ఈసారి పుట్టగొడుగులన్నారు. కూర వండుకునేవి కాదు, ఇవి వేరే జాతి. వీటినుంచి తీసిన మందు డాక్టరు దగ్గరుండి ఇస్తే, మనిషి కళ్లు మూసుకుని తన లోపలికి తానే వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి సలుపుతున్న గాయాన్ని కళ్లారా చూసి, దానితో నాలుగు మాటలాడి, తేలికపడి బయటికొస్తాడట. యుద్ధాలు చేసినవాళ్ల మీదా, ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్ల మీదా అక్కడ పరీక్షిస్తున్నారట. "వాళ్లు పరీక్షిస్తుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా?" అని మంత్రిగారు సభలో బల్ల గుద్దారు. ఆ దెబ్బకి కొత్తరేవు పట్నంలో రాష్ట్ర మనోగాయ నివారణ పరిశోధనా సంస్థ వెలిసింది. గోడల నిండా పుట్టగొడుగు బొమ్మలు వేయించారు. ప్రత్యేక అనుమతుల మీద గుప్పెడు మాత్రలు తెప్పించి ఖజానాలో బంగారంతో పాటు పెట్టి తాళం వేశారు. రిబ్బను కత్తిరించారు. ఆ తర్వాతే రోగి కావాలన్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది.

అలా దొరికినవాడు బొడ్డేపల్లి తవిటయ్య.

తవిటయ్య సర్కారు బస్సు డ్రైవరు. నోరు దురుసు గానీ బ్రేకు మీద కాలు మెత్తన. కిందటేడు తుఫానులో ఉప్పుగెడ్డ మీది పాత వంతెన అతని బస్సు కిందే కూలిపోయింది. మెడలోతు నీళ్లలో నిలబడి జనాన్ని కిటికీల్లోంచి ఒక్కొక్కర్నీ లాగి గట్టుమీద పడేశాడు. ఒక్క నూకాలమ్మ దొరకలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వానలో తడుస్తూ పోతున్న ముసలమ్మని చూడలేక, స్టాపు కాని చోట తానే బండి ఆపి ఎక్కించుకున్నాడు. కండక్టరు టిక్కెట్టు కొట్టబోతే, "పోనిద్దూ, ఈ ముక్క దూరానికి టిక్కెట్టేటి" అని తానే వద్దన్నాడు. తర్వాత నూకాలమ్మా కనపడలేదు, గంపా కనపడలేదు. ఉప్పుగెడ్డ తిన్నగా పోయి సముద్రంలో పడుతుంది.

విచారణ జరిపారు. కొట్టిన టిక్కెట్లనీ, బయటపడ్డ మనుషుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క చక్కగా సరిపోయింది. ఎవరూ పోలేదని తేల్చేశారు. టిక్కెట్టు కొట్టని నేరం తన మెడకి చుట్టుకుంటుందని కండక్టరు, "నాకే ముసలమ్మా కనపడలేదు" అన్నాడు. మిగతావాళ్లు ఆ తుఫాను చీకట్లో ఎవరి ప్రాణం వాళ్లు చూసుకున్నారు. నూకాలమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు. పైగా ఆమె కార్డు మీద నెలనెలా రేషను బియ్యం తీసుకుంటూనే ఉన్నారు, వేలిముద్రతో సహా. ఆ వేలు ఎవరిదో డీలరుకే తెలియాలి. "బియ్యం తీసుకుంటున్న మనిషి చచ్చిపోవడమేమిటయ్యా?" అని విచారణాధికారి తవిటయ్యని మందలించి పంపేశాడు.

ఆ మందలింపుతో తవిటయ్య మనసు విరిగిపోయింది. గెడ్డ మీద కొత్త వంతెన కట్టారు. తవిటయ్య దాని మీద కాలు పెట్టలేడు. కాలు పెట్టబోతే ఒళ్లంతా చెమటలు, చెవుల్లో బస్సు అద్దాలు పగిలిన చప్పుడు. అతని ఇల్లేమో గెడ్డకి అవతల. అప్పట్నుంచీ డిపో వరండాలో పడుకోవడం, పెళ్లాం పైడితల్లి వంతెన దాటి తెచ్చిన క్యారేజీ తినడం. ఆమె తిట్టని రోజు లేదు, తేని రోజూ లేదు.

"ఇంటికి రావేటయ్యా? నీళ్లు నిన్ను మింగలేదు గదా!"

"ఆయమ్మని మింగినాయి గదే."

"నేదంతన్నారు గదా సర్కారోళ్లు!"

"నేదంతన్నారనే గదే నా బాద! ఆయమ్మ బస్సులో ఉండీది అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అంటే సాలు. నడుసుకుంటా ఇంటికొచ్చెత్తాను."

తవిటయ్య సంస్థలో చేరాక, అక్కడి డాక్టర్ హైమవతి ఇదంతా మొదట్నుంచి చివరిదాకా విన్నది. ఆమె ఒక్కతే విన్నది. కానీ పై ఆఫీసు నుంచి వచ్చిన కేసు కాగితం మీద అప్పటికే "లేని స్త్రీని చూచినట్లు భ్రమ" అని రాసి ఉంది. దాన్ని కొట్టేసే అధికారం ఆమెకి లేదు.

మొదటి మాత్ర ఇచ్చిన రోజు తవిటయ్య పొద్దుటినుంచి సాయంత్రం దాకా కళ్లకి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ పక్కనుంచి కదల్లేదు. లేచాక అతని మొహం కడిగిన పలకలా ఉంది.

"జీడితోటమ్మా!" అన్నాడు. "ఎంత తోటనుకున్నారు! కాయ విరగ్గాసి కొమ్మలు నేలకానుతున్నాయి. ఆ సివర్న ఒక సెట్టుకింద ఆయమ్మ కూకుని ఉంది. ఈపు ఇటు పెట్టి కూకుంది. పక్కన గంప. ఎంత పిలిసినా ఇటు తిరగలేదు. దగ్గరికెల్దామనుకునీసరికి మెలకువొచ్చీసింది."

"ఇంకోసారి వెళ్తే దగ్గరికి పోగలవు తవిటయ్యా," అంది డాక్టరమ్మ. "ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు. రెండో మాత్ర వచ్చే వారం."

మర్నాడు తవిటయ్య వంతెన దాకా వెళ్లి, దాని మీద ఓ నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, పైడితల్లిని పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ కూడా ఏడ్చి, ఆ వెంటనే, "వచ్చినోడివి ఇంకో నాలుగు ఎయ్యలేకపోనావా?" అని తిట్టింది.

ఆ రెండో మాత్ర దగ్గరే చిక్కొచ్చి పడింది. ఆడిట్ అధికారి జోశ్యుల పరంధామంగారు తనిఖీకి వేంచేశారు.

పరంధామంగారు సర్కారు సొమ్ము పట్ల మహా భక్తి గల మనిషి. ఆయన అభ్యంతరం పెట్టని ఖర్చు రాష్ట్రంలో ఆయన జీతం ఒక్కటే. సంస్థ కాగితాలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, హైమవతి వంక జాలిగా చూశారు.

"ప్రభుత్వ నిధులతో మాత్ర కొనబడినది. సదరు మాత్ర వినియోగించబడినది. వినియోగ ఫలితముగా ఒక జీడితోట ఏర్పడినట్లు రోగి వాంగ్మూలము ఉన్నది. అవునా అమ్మా?"

"ఏర్పడలేదండీ, కనిపించింది."

"కనిపించినదా లేదా?"

"కనిపించింది కానీ..."

"ప్రభుత్వ సొమ్ముతో కనిపించినది ప్రభుత్వ ఆస్తి అగును. ఇందులో కానీ ఏమున్నది? సదరు తోట ఏ శాఖ ఆధీనమున ఉన్నది? కంచె వేయించితిరా? ఆస్తి లెక్క తేలువరకు తదుపరి మాత్రల పంపిణీ నిలుపుదల చేయడమైనది."

హైమవతి నెత్తీ నోరూ బాదుకుంది. పరంధామంగారు మంచినీళ్లు తాగి, తహసీల్దారుకి కబురు పంపారు.

తహసీల్దారు లింగమూర్తిగారు ఇద్దరు గుమాస్తాలతో, ఒక కొలత గొలుసుతో ఆస్పత్రికి వచ్చారు. గొలుసు ఎందుకో ఆయనకే తెలియదు. కానీ భూమి అన్నాక గొలుసు లేకుండా బయల్దేరడం ఆయన సర్వీసులో లేదు. తవిటయ్యని మంచం మీద కూర్చోబెట్టి పంచనామా మొదలెట్టారు.

"తోట విస్తీర్ణము?"

"నానేటి కొలిసినానా బాబూ? కనుసూపు మేర ఉంది."

"కనుచూపు మేర అనునది కొలత కాదు. ఐదెకరములు వ్రాయుము," అని గుమాస్తాకి చెప్పారు. "తూర్పు హద్దు?"

"గెడ్డ."

"పడమర హద్దు?"

తవిటయ్య కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మా యమ్మ కేక బాబూ. సిన్నప్పుడు అన్నానికి రమ్మని కేకేసీది. అది వినపడీకాడికి తోట ఐపోనాది."

"పడమర: లబ్ధిదారుని తల్లి కేక. ప్రైవేటు," అని రాయించారు లింగమూర్తిగారు. ఆయన సర్వీసులో ఇంతకంటే అయోమయమైన హద్దులు ఎన్నో చూశారు. "కాపు ఎటులున్నది?"

ఇక్కడ తవిటయ్య నోరు ఊరుకోలేదు. "ఏటి సెప్పమంతారు బాబూ! మా జిల్లాలో ఏ తోటా అలాగ కాయలేదు. ఒక్కొక్క గింజ నా బొటనేలంత!"

"శ్రేష్టమైన కాపు," అని రాసుకున్నారు. "తోటలో మనుష్య సంచారము?"

తవిటయ్య ముందుకి వంగాడు. "ఉంది బాబూ. నూకాలమ్మ ఉంది. అది రాయండి బాబూ, మీకు పున్నెముంటాది."

లింగమూర్తిగారు కలం ఆపించారు. "సదరు స్త్రీ సదరు బస్సులో లేదని విచారణలో తేలినది. లేని మనిషిని పంచనామాలో చేర్చుట కుదరదు."

"ఆయమ్మ లేదా? మరి తోటుందేటి బాబూ?"

"తోటకు ప్రభుత్వ సొమ్ము ఖర్చయినది. ఆమెకు ఏమి ఖర్చయినది?"



సర్కారు తోటలో కాపుంటే ఊరుకుంటారా? ఆస్పత్రి ఆవరణలో కొబ్బరి చెట్లుంటే కొబ్బరి కాయలు వేలం, బడిలో చింతచెట్టుంటే చింతపండు వేలం. ఆ రివాజు ప్రకారమే జీడితోట ఫలసాయానికీ వేలం చాటించారు. తాలూకా ఆఫీసు ముందు షామియానా వేశారు. అక్కడికి కంట్రాక్టరు సన్యాసినాయుడు వచ్చాడు.

"తోట ఎక్కడుందో తెలుసా నాయుడుగారూ?" అని ఎవరో చెవిలో ఊదారు.

"తెలిస్తే ఎంత, తెలవకపోతే ఎంత? లేని సెరువులో రెండుసార్లు పూడిక తీసినోణ్ణి. పంచనామా ఉన్న తోటకి ఎనకాడతానేటి?" అని ధీమాగా పాడి, పాట తనపేర కొట్టించుకున్నాడు.

వారం తిరక్కుండా అర్జీ పట్టుకొచ్చాడు. గింజ రాలిపోయే కాలం దగ్గరపడిందనీ, తోట స్వాధీనం చేయకపోతే వచ్చే నష్టానికి తహసీల్దారుగారే సొంతంగా బాధ్యులనీ అందులో ఉంది. సన్యాసినాయుడికి గింజలక్కర్లేదు, నష్టపరిహారం చాలు. లింగమూర్తిగారికి ఆ పూట అన్నం సహించలేదు.

తోటలోకి దారి ఎటు అన్న ప్రశ్న వచ్చింది. దారి ఒకటే, మాత్ర. ఆ ముక్క అర్థమయ్యాక అధికారుల మొహాల్లోకి హఠాత్తుగా కళ వచ్చింది. భౌతిక తనిఖీ సంఘం ఒకటి ఏర్పడింది. పరంధామంగారు, లింగమూర్తిగారు, వారి వారి గుమాస్తాలు, ఉద్యానశాఖ నుంచి ఒకరు, మంత్రిగారి బావమరిది. ఆయన ఏ శాఖో ఎవరూ అడగలేదు.

"అయ్యా, ఆ మాత్రలు దెబ్బతిన్న మనుషుల కోసం తెప్పించాం," అంది హైమవతి. "బయట బెంచీ మీద వరసగా కూర్చున్నారు చూడండి. తవిటయ్యకి సగంలో ఆగిపోయింది. ఇప్పుడు వదిలేస్తే వేసిన నాలుగడుగులూ పోతాయి."

"తనిఖీ కాని చికిత్స చికిత్సయే కాదమ్మా," అన్నారు పరంధామంగారు, అప్పటికే బూట్లు విప్పేస్తూ.

వార్డులో మంచాలన్నీ అధికారులతో నిండిపోయాయి. కళ్లకి గుడ్డలు కట్టుకుని వరసగా వెల్లకిలా పడుకున్నారు. హైమవతి తిట్టుకుంటూనే అందరి నాడీ చూస్తూ తిరిగింది. తవిటయ్య గుమ్మంలో నిలబడి, తన మాత్రలు ఒక్కొక్కటీ ఒక్కొక్క గొంతులోకి దిగిపోవడం చూశాడు. మధ్యాహ్నానికి వార్డులో నవ్వులు, ఏడుపులు, మధ్యమధ్య గురకలు. లింగమూర్తిగారికి పెండింగు ఫైళ్లన్నీ కొంగలై ఎగిరిపోయాయట, వాటికి చెయ్యి ఊపుతూ పసిపిల్లాడిలా కేరింతలు కొట్టారు. మంత్రిగారి బావమరిదికి తన అసలు మొహం కనపడిందట, లేచి చెప్పుల్లేకుండా ఇంటికి పరిగెత్తాడు. పరంధామంగారికి బండిచక్రమంత సున్నా ఒకటి కనపడింది. అందులో కాళ్లు ముడుచుకుని పడుకుని, బుద్ధి తెలిశాక ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయారు.

కానీ డ్యూటీ డ్యూటీయే. లేవగానే జుట్టు సర్దుకుని నివేదిక చెప్పారు. "సంఘ సభ్యులెవరికిని తోట కనబడలేదు. పంచనామా ప్రకారము తోట ఉన్నది. తనిఖీ ప్రకారము లేదు. కావున నడుమ ఎవరో కాజేసినారు. తోటను ఆఖరున చూచినవాడు తవిటయ్య."

సర్కారు జీడితోట అపహరించినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని తవిటయ్యకి తాఖీదు వచ్చింది. పైడితల్లి ఆ తాఖీదు పట్టుకుని తాలూకా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఎత్తుకుంది.

"వోలమ్మో! మాకు అయిదెకరాల తోటుంటే నానీ క్యారేజీ మోసుకుని తిరుగుతానేటి బాబూ? ఏదీ, నా మెళ్లో సూడండి, సెవుల్లో సూడండి! తోట తిన్నోళ్ల ఇల్లు ఇలాగుంతాదేటి?"

పోలీసుల్ని పిలుస్తామన్నారు. తవిటయ్య పైడితల్లిని వెనక్కి లాగి, లింగమూర్తిగారి ముందుకి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. భయపడ్డాడు, నిజమే. కానీ ఆ భయంలోనే అతనికి ఒక సందు కనపడింది. డ్రైవరు కదా, సందు కనపడితే బండి దూర్చకుండా ఉండలేడు.

"తోట అప్పజెప్పెత్తాను బాబూ. నానెందుకు ఉంచుకుంతాను? కానీ ఇక్కడ నిలబడి ఎలాగ అప్పజెప్పమంతారు? లోనికెల్లాల గదా. నన్నొక్కసారి లోనికంపండి."

హైమవతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చాలా న్యాయమైన మాటండీ," అంది గొంతు సర్దుకుని. "ఆస్తి స్వాధీనం చేసుకోవాలంటే ముద్దాయిని స్థలానికి పంపక తప్పదు."

మాత్ర ఒక్కటే మిగిలింది. అది రిబ్బను కత్తిరించిన నాడు ప్రదర్శనకి పెట్టింది, ముందు హాలులో, అద్దాల పెట్టెలో, మంత్రిగారి ఫొటో కింద దండ వేసుకుని ఉంది. దాన్ని తీయడానికి పరంధామంగారు ఒప్పుకోలేదు. సన్యాసినాయుడు నష్టపరిహారం సంగతి మళ్లీ ఎత్తాడు. అప్పుడు ఒప్పుకున్నారు.

తవిటయ్య పడుకున్నాడు. ఒకపక్క డాక్టరమ్మ, ఇంకోపక్క స్వాధీనం పుచ్చుకోవడానికి సిద్ధంగా లింగమూర్తిగారు, కాళ్లదగ్గర గొలుసుతో గుమాస్తా.

తోట అక్కడే ఉంది. చెట్టుకింద నూకాలమ్మ ఉంది. ఈసారి తవిటయ్య ఆగకుండా నడిచాడు. నడుస్తుంటే కాళ్లకింద బస్సు అద్దాలు చిటచిటలాడాయి. నూకాలమ్మ ఇటు తిరిగింది. వాన నీళ్లు ఇంకా ఆమె మొహం మీద కారుతున్నాయి.

"ఏరా డ్రైవరూ, ఇప్పుడొచ్చినావేటి?"

"నానే సంపీసినానమ్మా నిన్ను. బండి ఆపకపోతే బతికీదానివి."

"బండి ఆపడం నీ తప్పు గాదురా. నన్ను సూసి ఆపినోడివి నువ్వొక్కడివే. టిక్కెట్టు కొట్టనియ్యలేదు సూడు, అదీ నీ తప్పు. ఇయ్యాల లెక్కలో నేకుండా పోనాను." గంపలోంచి ఒక ఎండుచేప తీసి అతని చేతిలో పెట్టింది. "తిను. ఏడిసింది సాలు."

తవిటయ్య తిన్నాడు. తింటూ ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. చాలాసేపు అలా ఇద్దరూ గెడ్డ వంక చూస్తూ కూర్చున్నారు. లేచేముందు, వచ్చిన పని గుర్తొచ్చి, తోట సర్కారుకి అప్పజెబుతావా అని అడిగాడు. నూకాలమ్మ పకపకా నవ్వింది.

అతను కళ్లు తెరిచేసరికి లింగమూర్తిగారు మొహంలో మొహం పెట్టి ఉన్నారు.

"అప్పజెప్పితివా?"

"నా మట్టుకు నాను వదిలేసినాను బాబూ. కానీ ఆయమ్మ కదలనంతంది. 'నానీ తోట వదల్ను, ఏ సర్కారోడొస్తాడో రమ్మను' అంతంది."

"ఏ అమ్మ?"

"నూకాలమ్మ బాబూ."

లింగమూర్తిగారు అలవాటు కొద్దీ నోరు తెరిచారు. "సదరు స్త్రీ లేదని..."

"ఆగండి," అన్నారు పరంధామంగారు. "ఆక్రమణదారు ఉన్నచో తోట స్వాధీనము కాకపోవుటకు ఆమె బాధ్యురాలు. ఆక్రమణదారు లేనిచో తమరు బాధ్యులు. ఎటుల వ్రాయమందురు?"

లింగమూర్తిగారు క్షణం ఆలోచించలేదు. "ఉన్నది! నిస్సందేహముగా ఉన్నది! వ్రాయవయ్యా, చూచెదవేమి? ఆక్రమణదారు పేరు?"

"నూకాలమ్మ," అన్నాడు తవిటయ్య.

"ఆక్రమణ ఎప్పటినుండి?"

"తుఫాను నాటినుంచి బాబూ."

"ఏ మార్గమున ప్రవేశించినది?"

"నా బస్సెక్కి బాబూ. గెడ్డలో పడి సచ్చిపోయి."

ఖాళీ చేయమని నోటీసు తయారైంది. రివాజు ప్రకారం నోటీసుని మనిషి ఆఖరుసారి కనపడ్డ చోట అతికించి, అందరూ వినేలా దండోరా వేయించాలి. ఆఖరుసారి కనపడ్డ చోటు చూపించే మనిషి తవిటయ్య ఒక్కడే. మర్నాడు పొద్దున్నే ఊరేగింపుగా ఉప్పుగెడ్డ వంతెన దగ్గరికి వెళ్లారు. ముందు డప్పు, వెనక తహసీల్దారు, ఆ వెనక బంక గిన్నె పట్టుకున్న గుమాస్తా. అవతలి గట్టున పైడితల్లి కొంగు నడుముకి బిగించి నిలబడింది.

వంతెన మొదట్లో తవిటయ్య ఆగాడు. చెమట పట్టింది. లింగమూర్తిగారు విసుక్కున్నారు. "స్థలము చూపుమయ్యా!"

"సూపిత్తాను బాబూ. నడండి."

నడిచాడు. నడిమధ్యకి వచ్చి, "ఇక్కడే," అని కమ్మీ మీద చెయ్యి వేశాడు. గుమాస్తా నోటీసు అతికించాడు. డప్పు మోగింది. గెడ్డలో చేపలు పట్టేవాళ్లు, బండ్లవాళ్లు, బడికి పోయే పిల్లలు, అందరూ ఆగిపోయారు. డప్పు మనిషి గొంతెత్తి చాటాడు.

"ఇందుమూలముగా సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా! ఎండుచేపలమ్ముకొను నూకాలమ్మ అనునామె, తుఫాను నాడు తవిటయ్య నడిపిన సర్కారు బస్సెక్కి, ఇచ్చోట గెడ్డలో పడి మరణించి, పిమ్మట ప్రభుత్వ జీడితోటను ఆక్రమించుకొని అనుభవించుచున్నందున, పదిహేను రోజులలో ఖాళీ చేయవలెనహో!"

"ఇంకోసారి సెప్పించండి బాబూ," అన్నాడు తవిటయ్య. "అటేపోళ్లకి వినపళ్లేదు."

రెండోసారి చాటారు. తవిటయ్య కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క ముక్కా చెవులారా విన్నాడు. బస్సెక్కి, ఇచ్చోట, మరణించి. సర్కారు డప్పు, సర్కారు నోరు. జేబులోంచి టిక్కెట్టు ఒకటి తీశాడు. పొద్దున్నే డిపోకి పోయి కండక్టరు దగ్గర కొనుక్కొచ్చాడు. దాన్ని గెడ్డలోకి వదిలి, అది నీళ్ల మీద తేలుతూ సముద్రం వైపు పోవడం చూశాడు. తర్వాత వెనక్కి తిరక్కుండా అవతలి గట్టుకి నడిచిపోయాడు.

"ఇప్పుడేనా గుర్తొచ్చినాది ఇల్లు?" అని పైడితల్లి తిడుతూనే, అతని చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించింది.

పదిహేను రోజులు గడిచాయి. నూకాలమ్మ ఖాళీ చెయ్యలేదు. సన్యాసినాయుడు కోర్టుకి వెళ్లాడు. పరంధామంగారు, మాత్రలు లబ్ధిదారులకంటే అధికారులకే ఎక్కువ ఎందుకు ఖర్చయినవని సంస్థ మీద అభ్యంతరం పెట్టి, తనకి మళ్లీ తనిఖీ అవసరమని ఇంకో గుప్పెడు మాత్రలకి సిఫారసు చేశారు. ఆ గుప్పెడు వచ్చిన రోజు హైమవతి ఆయనకంటే ముందు లేచి, బెంచీ మీదవాళ్లకి వేసేసింది. తవిటయ్య మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. దారిలో ముసలివాళ్లు కనపడితే స్టాపు కాకపోయినా ఆపుతాడు, ఎక్కగానే, "ముందు టిక్కెట్టు కొట్టరా" అని కండక్టరు మీద అరుస్తాడు.

నోటీసు నకలు ఒకటి పౌరసరఫరాల శాఖకి కూడా చేరింది. వాళ్లు దాన్ని జాగ్రత్తగా చదివి, నూకాలమ్మ రేషను కార్డు రద్దు చేశారు. చనిపోయినందుకు కాదు, ఐదెకరాల తోట అనుభవిస్తున్నందుకు. నూకాలమ్మ కోసం ఆ ఊళ్లో తవిటయ్య తర్వాత మనస్ఫూర్తిగా ఏడ్చినవాడు ఆ రేషను డీలరొక్కడే.